ఇంగ్లీషు పుస్తకంలో మన పిల్ల ఎక్కడుంది?

ఇంగ్లీషు మీడియమా, తెలుగు మీడియమా అని కొన్నేళ్లుగా పెద్ద రగడ నడిచింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం పెడతామని జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం తన బళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. పత్రికలు నిండిపోయాయి. సభలు జరిగాయి. తెలుగు తల్లి చచ్చిపోతోందని కవులు కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఇంత గోలలోనూ ఒక ప్రశ్న మాత్రం పక్కకు పోయింది. ఆరేళ్ల మాదిగ పిల్ల చేతిలో పెట్టే ఇంగ్లీషు పుస్తకాన్ని ఎవరు రాస్తున్నారు? ఎవరి పిల్లను కళ్లముందు పెట్టుకుని రాస్తున్నారు?

మేం చెప్పేది ఒక్కటే. బడి గోడ మీద బోర్డు మార్చినంత మాత్రాన ఇంగ్లీషు రాదు. పుస్తకం మారాలి. ఆ పుస్తకం మాలపల్లిలో, మాదిగగూడెంలో, తండాలో పుట్టాలి. అది జరగనంత కాలం మన పిల్లకు ఇచ్చేది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు రాదనే ముద్ర.

ఇంగ్లీషు మనకెందుకు

ఇంగ్లీషు మోజని మనల్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. వాళ్లకు ముందు జవాబు చెప్పుకుందాం.

1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లను నరికారు. 1991 ఆగస్టు 6న చుండూరులో నరికి గోనెసంచుల్లో కుక్కారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో రాసిన కాగితం ఏ భాషలో ఉంది? ఇంగ్లీషులో. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష, సుప్రీంకోర్టు భాష ఇంగ్లీషే. అన్నను పోగొట్టుకున్న చెల్లెలు ఆ తీర్పులో ఏముందో తెలుసుకోవాలంటే ఇంకొకరి నోటి కోసం కాచుక్కూచోవాలి. ఆ ఇంకొకరు ఏ కులంవాడో, ఏం దాస్తాడో, ఏం చెప్తాడో!

ఇదేమన్నా మోజా?

సావిత్రిబాయి ఫూలే 1848లో పూనాలో భర్త జోతిరావుతో కలిసి ఆడపిల్లలకు బడి పెట్టింది. 1854లో అచ్చయిన తన కవితల పుస్తకం కావ్యఫూలేలో, ఇంగ్లీషు నేర్చుకోండని శూద్రాతిశూద్రులకు చెప్పింది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో కుల నిర్మూలన గ్రంథాన్ని ఇంగ్లీషులో అచ్చువేశారు. చదవనివ్వని సభ ముందు కాకుండా దేశం ముందు, ప్రపంచం ముందు పెట్టారు. ఇంగ్లీషు మనకు ఆస్తిపాస్తుల లెక్క కాదు, నోటి లెక్క.

మరి ఇంగ్లీషు ఈ దేశంలోకి వచ్చి ఇన్నేళ్లయినా మన దాకా ఎందుకు రాలేదు? 1835లో మెకాలే తన నివేదికలోనే ఆ గుట్టు విప్పాడు. జనం అందరికీ చదువు చెప్పడం మా వల్ల కాదు, ముందు ఒక చిన్న వర్గాన్ని తయారు చేద్దాం, వాళ్ల నుంచి మిగతావాళ్లకు పోతుంది అన్నది దాని సారం. పైన పోస్తే కిందికి కారుతుందన్నమాట. దాదాపు రెండు వందల ఏళ్లయింది. పైవాడి తొట్టి నిండుతూనే ఉంది, కింద చుక్క పడలేదు. పైగా ఆ తొట్టి నిండినవాడే ఇవాళ మనకు చెప్తున్నాడు: మీకు తెలుగు చాలు!

పుస్తకంలో ఎవరి ఇల్లు?

చిన్న పిల్లల ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెరవండి. ఏ కాన్వెంటుదైనా సరే, ఏ కంపెనీ అచ్చువేసినా సరే. ఏ ఫర్ యాపిల్. తర్వాత మా ఇల్లు అనే పాఠం. అందులో డ్రాయింగ్ రూమ్, బెడ్ రూమ్, డైనింగ్ టేబుల్, ఇంటిముందు పూలతోట. నాన్న పేపరు చదువుతుంటాడు, లేకపోతే ఆఫీసుకు పోతుంటాడు. అమ్మ ఎప్పుడూ వంటింట్లోనే. తర్వాత పుట్టినరోజు పాఠం. కేకు, కొవ్వొత్తులు, బెలూన్లు.

వాడలో అమ్మ వంటింట్లో ఉండదు. వంటిల్లే ఉండదు, పొయ్యి ఉంటుంది. అమ్మ తెల్లారకుండానే నాట్లకో, కలుపుకో, మిరపకాయల కోతకో పోతుంది. నాన్న సెంట్రింగు పనికి పోతాడు, లేదా వలస పోయి ఆరు నెలలకొకసారి వస్తాడు. ఈ అమ్మ, ఈ నాన్న ఆ పుస్తకంలో లేరు. రొయ్యపొట్టు లేదు, గంజి లేదు, సంకటి లేదు. పెద్దకూర మాట సరే సరి, అది అచ్చులోకి వస్తే ఆకాశం విరిగి పడుతుంది. ఊరి బొమ్మ వేస్తారు. అందులో గుడి ఉంటుంది, చెరువు ఉంటుంది, ఒకే ఒక బావి ఉంటుంది. రెండో బావి ఎక్కడ? వాడ ఎక్కడ?

మన అమ్మానాన్నలు అసలు కనిపించరని కాదు. ఒక పాఠంలో కనిపిస్తారు. మనకు సాయం చేసేవాళ్లు అనే పాఠం. డాక్టరు, టీచరు, పోలీసు, వాళ్ల పక్కనే చెప్పులు కుట్టేవాడు, వీధులూడ్చే ఆమె. అందరివీ నవ్వు మొహాలే. ఆ పాఠం రోజున తరగతిలో అందరూ ఎవరివైపు తిరిగి చూస్తారో ఆ పిల్లను అడగండి. చెప్పు కుట్టడం తప్పు పని కాదు, అది విద్య. తోలు పని లేకపోతే ఈ దేశంలో ఎద్దు బండి కదిలేది కాదు, బావిలోంచి నీళ్లొచ్చేవి కావు. ఆ పనిని పుట్టుకకు కట్టేసిన సంగతి దాచిపెట్టి, నవ్వే బొమ్మ గీసి, సాయం అని పేరు పెట్టడం తప్పు. మురుగు గుంటలోకి దిగి ఊపిరాడక చచ్చిపోయేవాడు సాయం చేస్తున్నాడా? సాయం చేసే మనిషికి వద్దనే హక్కుంటుంది. వాడికుందా?

ఇది ఆత్మగౌరవం ప్రశ్న ఒక్కటే అనుకోకండి. చదువు వచ్చేదీ రానిదీ కూడా ఇక్కడే తేలుతుంది. డైనింగ్ టేబుల్ అనే మాట దొరగారి మనవడికి చెప్తే వాడికి వస్తువు ముందే తెలుసు, మాట ఒక్కటే కొత్త. మన పిల్లకు వస్తువూ కొత్తే, మాటా కొత్తే. ఒకడు ఒక బరువు మోస్తున్నాడు, ఇంకొకతె రెండు బరువులు మోస్తోంది. ఇద్దర్నీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమంటారు. వెనకపడితే ఈ జాతికి ఇంగ్లీషు అబ్బదు అంటారు.

2016లో అసర్ సర్వేవాళ్లు దేశంలోని పల్లెటూళ్లలో చూశారు. ఐదో తరగతి పిల్లల్లో తేలికైన ఇంగ్లీషు వాక్యం చదవగలిగినవాళ్లు నూటికి 24.5 మంది. 2009లోనూ ఇంచుమించు అంతే. ఏడేళ్లలో కదలిక లేదు. ఇంతమంది పిల్లలు ఒకేసారి మొద్దులయ్యారా, లేక పుస్తకాలూ పాఠాలూ మొద్దుబారాయా?

అమ్మ భాష పండితులకు ఒక మాట

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలో చెప్పమంటోంది. 2020 జాతీయ విద్యావిధానం వీలున్నచోట ఐదో తరగతి దాకా ఇంటి భాషే అంటోంది. పిల్లలు తెలిసిన దాంట్లోంచి తెలియని దాంట్లోకి నడుస్తారన్న మాట నిజమే. మేం కాదనం.

కాకపోతే ఒకటి అడుగుతాం. ఎవరి అమ్మ భాష? పాఠ్యపుస్తకంలోని తెలుగు మా అమ్మ మాట్లాడే తెలుగు కాదు. మా పిల్ల బళ్లో 'నీల్లు' అంటే అయ్యవారు నీళ్లు అని దిద్దుతాడు, దిద్ది ఊరుకోడు, వాడ భాష అని నవ్వుతాడు. అంటే తెలుగు మీడియంలో కూడా మా పిల్ల మొదటిరోజు నుంచి పరాయి భాషలోనే చదివింది. అమ్మ భాష మీద అంత ప్రేమ ఉంటే ముందు మా అమ్మల భాషను పుస్తకంలోకి రానివ్వండి. మీ పిల్లల్ని కాన్వెంటు బస్సు దింపి సర్కారు బడికి పంపండి. అప్పుడు కూచుని మాట్లాడుకుందాం.

ఇంకో సంగతి. తెలుగులో మనిషిని పిలవగానే కులం తెలిసిపోతుంది. పెద్దకులం పసివాడు మన డెబ్బయ్యేళ్ల తాతను 'ఒరే' అంటాడు, తాత వాణ్ని 'అయ్యా' అంటాడు. ఇంగ్లీషులో తాతకూ 'యూ'నే, ఆ పసివాడికీ 'యూ'నే, కలెక్టరుకూ 'యూ'నే. మాట మారితే కులం పోతుందని మేం అనడం లేదు. ఇంగ్లీషు మాట్లాడే ఆఫీసుల్లోనూ కులం ఉంది, అమెరికా పోయినా వెంట పోతోంది. కానీ 'ఒరే' లేని భాషలో ఒక చిన్న పిల్ల పెద్దమనిషి కళ్లలోకి చూసి 'యూ' అనడం నేర్చుకుంటే ఆ పిల్ల వెన్ను కాస్త నిటారవుతుంది. ఆ ఒక్క మాట మీదే ఒక మంచి పాఠం రాయొచ్చు. ఏ పుస్తకమన్నా రాసిందా?

ఎదురెదురు పేజీలు, ఎదురులేని పరీక్షలు

సర్కారు ఏం చేసింది? మీడియం మార్పు మొదలయ్యాక రెండు రాష్ట్రాల్లోనూ రెండు భాషల పుస్తకాలు వేసింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే ఇంగ్లీషు. లేనిదానికంటే మేలే. టీచరుకు ఆసరా, పై తరగతి పిల్లకు ఆసరా. కానీ ఒకటో తరగతి పిల్లకు చదవడమే రాదు కదా! ఎడమ పేజీ చదవలేని పిల్లకు కుడి పేజీ ఎదురుగా పెడితే ఏం లాభం? అనువాదం వేరు, నేర్పడం వేరు. గోడకు ఆ పక్క ఏముందో చెప్పడం అనువాదం. గోడ ఎక్కడానికి మెట్లు కట్టడం నేర్పడం. మనకు మెట్లు కావాలి.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికాలోని ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని సర్కారు బడి పిల్లలకు టోఫెల్ పరీక్ష పెడతామంది. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆపేసింది. పెట్టినవాళ్లూ మన తల్లుల్ని అడగలేదు, తీసినవాళ్లూ అడగలేదు. మెట్టు కట్టకుండా ఎత్తు కొలిచే కర్ర తెచ్చారు, తర్వాత ఆ కర్ర పట్టుకుపోయారు. మెట్టు మాత్రం ఎవరూ కట్టలేదు.

దేవత చాలదు, ఫోటో చాలదు

మన లోపలి మాట కూడా చెప్పుకోవాలి. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో దళితులు ఇంగ్లీషు దేవతకు గుడి కట్టడం మొదలుపెట్టారు. దాని వెనక చంద్రభాన్ ప్రసాద్ గారి ఆలోచన ఉంది. ఆ కోపం మనకు అర్థమవుతుంది, ఆ ఎత్తిపొడుపూ నచ్చుతుంది. కానీ దేవతకు దండం పెడితే వాక్యం రాదు.

మన సంఘాల వాళ్లు కూడా పిల్లల కోసం అక్షరాల చార్టులు వేస్తారు. యాపిల్ తీసేసి అంబేద్కర్ ఫోటో పెడతారు. మంచిదే, ఆ ముఖం ప్రతి గోడ మీద ఉండాల్సిందే. కానీ చార్టులో బొమ్మ మారింది గానీ పద్ధతి మారలేదు. ముందు అక్షరాలు బట్టీ, తర్వాత స్పెల్లింగు బట్టీ, తర్వాత జవాబులు బట్టీ. జాన్ అన్న పేరు తీసి మన పేరు పెట్టి, మిగతా పాఠమంతా డైనింగ్ టేబుల్ చుట్టూ తిప్పితే అది మన పుస్తకం అవుతుందా? గోడకు నీలం రంగు వేసుకున్నాం గానీ ఇల్లు వాళ్లదే.

మరి పుస్తకం ఎలా పుట్టాలి?

మొదటిది: నోరు ముందు, అచ్చు తర్వాత. తెలుగులో అక్షరానికి ఒక శబ్దం ఉంటుంది. ఇంగ్లీషులో అలా కాదు. 'పుట్'లో ఉన్న యు అక్షరమే 'బట్'లో ఇంకోలా పలుకుతుంది. పైగా పెద్దబడి, చిన్నబడి అని రెండేసి రూపాలు, కలిపి రాస్తే ఇంకో రెండు. చెవికి మాట తెలియకుండా కంటికి ఇవన్నీ చూపిస్తే పిల్ల బెదిరిపోతుంది. కొన్ని నెలలపాటు వినడం, ఆడటం, పాడటం, చెప్పింది చేయడం. ఆ తర్వాతే పలక.

రెండోది: తెలుగు పిల్ల ఎక్కడ తడబడుతుందో తెలిసినవాళ్లు రాయాలి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్ బస్సవుతుంది. మన వాక్యంలో పని చెప్పే మాట చివర వస్తుంది, ఇంగ్లీషులో నడిమధ్యకు వస్తుంది. మనం 'బల్ల మీద' అంటాం, వాళ్లు 'మీద'ను ముందు పెడతారు. 'ఐ రైస్ ఈట్' అన్న పిల్లది తెలివితక్కువ కాదు. తన భాష వేసిన దారిలో సక్రమంగా నడిచింది. ఆ దారి ఎక్కడ మలుపు తిరగాలో పుస్తకం చూపించాలి. లండన్ పిల్లకో ఢిల్లీ పిల్లకో రాసిన పుస్తకం ఆ మలుపు చూపించలేదు.

మూడోది: కొత్త మాటలు తక్కువ, తిరిగి రావడం ఎక్కువ. మైకేల్ వెస్ట్ అనే ఆయన 1920ల్లో ఢాకాలో పనిచేస్తూ బెంగాలీ పిల్లల కోసం ఇంగ్లీషు వాచకాలు తయారుచేశాడు. అప్పటి పుస్తకాలు పేజీకిన్ని కొత్త మాటలు గుమ్మరించేవి. ఆయన ఎక్కువగా వాడే మాటల్ని ఏరి, కొద్దికొద్దిగా ఇచ్చి, ఇచ్చిన మాటను మళ్లీ మళ్లీ తెచ్చాడు. వందేళ్ల నాటి ఈ తెలివి మన పుస్తకాలకు ఇంకా పూర్తిగా అబ్బలేదు.

నాలుగోది: మాటలు పిల్ల దగ్గర్నుంచి రావాలి. న్యూజిలాండ్‌లో తెల్లవాళ్లు నేల లాక్కున్న మావోరీల పిల్లలకు సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే ఆమె చదువు చెప్పింది. తెల్లపిల్లల వాచకం వాళ్లకు ఎక్కలేదు. రోజూ ఒక్కో పిల్లను నీకేం మాట కావాలని అడిగి, ఆ మాటను అట్ట మీద రాసిచ్చేది. భయం మాటలు, ప్రేమ మాటలు, ఇంటి మాటలు వచ్చేవి. ఆ మాటల్ని పిల్లలు మర్చిపోలేదు. వాటితోనే చేత్తో పుస్తకాలు కట్టింది. 1963లో 'టీచర్' అనే తన పుస్తకంలో ఇదంతా రాసింది.

ఐదోది: పనిచేస్తూ నేర్చుకోవాలి. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు, ఆయన తోటివాళ్లు దక్షిణాదిలో మామూలు బళ్లలో ఒక ప్రయోగం చేశారు. వ్యాకరణం వల్లించకుండా మ్యాపు చూసి దారి చెప్పడం, రైలు టైమ్ టేబుల్ చూసి జవాబు వెతకడం లాంటి పనులు ఇంగ్లీషులో చేయించారు. మన పిల్లలకు రేషన్ కార్డు ఉంది, ఉపాధి హామీ జాబ్ కార్డు ఉంది, మందుల చీటీ ఉంది. కాస్త ఎదిగిన పిల్లలకు అవే పాఠాలు.

ఒక చిన్న పాఠం చూడండి:

మై మదర్ ఈజ్ ఎట్ వర్క్. మై ఫాదర్ ఈజ్ ఎట్ వర్క్. ఐ యామ్ ఎట్ స్కూల్. మై సిస్టర్ ఈజ్ ఎట్ స్కూల్. హూ ఈజ్ ఎట్ హోమ్? ది గోట్ ఈజ్ ఎట్ హోమ్!

మొత్తం 28 మాటలు. వేరువేరుగా చూస్తే 14 మాత్రమే. 'ఎట్' అనేది ఆరుసార్లు వచ్చింది, వ్యాకరణం చెప్పకుండానే పిల్ల నోట్లో కూచుంటుంది. మదర్, ఫాదర్, స్కూల్ మన పిల్లకు ముందే తెలుసు. అమ్మ పనిలో ఉంది, వంటింట్లో కాదు. చివర ఇంట్లో మిగిలింది మేకపిల్ల అనగానే పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్విన పాఠం మర్చిపోరు. దీనికి కోట్లు కావాలా? కావలసింది వాడను చూసిన కన్ను.

ఈ పదిహేను రోజుల్లో మనం చేయాల్సింది

సర్కారు కోసం ఆగొద్దు. ప్రతి వాడలో కార్యకర్తలు ఒక నోటు పుస్తకం కొనండి. మన పిల్లల నోట్లో ఇప్పటికే ఉన్న ఇంగ్లీషు మాటలన్నీ రాయండి. బస్సు, సెల్లు, చార్జరు, ట్రాక్టరు, కరెంటు, ఫ్యాను, టాబ్లెట్టు. క్రికెట్ ఆడేచోట నిలబడండి: అవుట్, నాటౌట్, క్యాచ్, రన్, వైడ్. ఆస్పత్రిలో నర్సమ్మను పిలిచే సిస్టర్. ఏమీ రాదనుకున్న పిల్ల నోట్లో ఎంత ఇంగ్లీషుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. మొదటి పుస్తకం ఆ నోటు పుస్తకంలోంచే రావాలి.

డిగ్రీ చదివిన మన అమ్మాయిలు, గురుకులాల్లో చదివొచ్చిన పిల్లలు సాయంత్రం గంటసేపు కూచుని అట్టల మీద పాఠాలు రాయండి. బొమ్మలు పిల్లల చేతే వేయించండి. వాడలో చదివించి చూడండి. ఎక్కడ పిల్ల ఆగిందో అక్కడ పాఠం తప్పు, పిల్లది కాదు. దిద్ది మళ్లీ చదివించండి. పుస్తకం అలాగే తయారవుతుంది, ఏసీ గదుల్లో కాదు.

ప్రభుత్వాలను మనం అడగాల్సినవి ఇవి:

1. చిన్న తరగతుల ఇంగ్లీషు పుస్తకాలు రాసే కమిటీల్లో దళిత, ఆదివాసీ, బహుజన టీచర్లు, ముఖ్యంగా ఆడ టీచర్లు, సగానికి తగ్గకుండా ఉండాలి.

2. ఏ పుస్తకమైనా అచ్చుకు ముందు వాడ బళ్లలో, తండా బళ్లలో, గిరిజన గూడేల బళ్లలో ఏడాది చదివించి చూడాలి. అక్కడ నెగ్గని పుస్తకం ఎక్కడా పెట్టకూడదు.

3. కులవృత్తుల్ని నవ్వు బొమ్మలుగా చూపే పాఠాలు తీసేయాలి. మన తిండి, మన పని, మన ఇల్లు అచ్చులోకి రావాలి.

4. తరగతిలో వాడ తెలుగుకు చోటివ్వాలి. పిల్ల మాటను ఎగతాళి చేసే టీచరు మీద చర్య తీసుకోవాలి.

5. పుస్తకంతోపాటు వినే పాఠాలు, కథల పుస్తకాలు, టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. పుస్తకం పడేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం.

ఒకప్పుడు మనం అక్షరం వింటే చెవుల్లో సీసం పోయమన్నారు. ఇవాళ సీసం పోయరు, మనకు తెలియని యాపిల్ చూపించి, తెలియదని మార్కులు కోస్తారు. బడి గేటు తెరిచామంటారు. తెరిచారు, నిజమే. లోపల మన పిల్లకు కూచోడానికి పుస్తకంలో ఒక్క పేజీ లేదు. ఆ పేజీ మనం రాసుకుందాం. రాసి, పుస్తకంలో పెట్టించుకుందాం.

జై భీమ్!